గెయిన్ 150 ఉన్న యాంప్లిఫయర్ స్పీకర్ పెట్టగానే ఎందుకు మూగబోయింది? ఒకటే సర్క్యూట్‌కు నాలుగు మోడల్స్ ఎందుకు?

మహబూబ్‌నగర్‌లో పాలిటెక్నిక్ ఈసీఈ చదివే తమ్ముడు అడిగింది ఇది: "బీసీ547 ట్రాన్సిస్టర్‌తో కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్ కట్టిన, కలెక్టర్ కాలుకు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టిన. ల్యాబ్‌లో సీఆర్వో (వేవ్‌ను తెర మీద చూపే పరికరం) మీద గెయిన్ 150 చూపించింది. ఇంటికొచ్చి కండెన్సర్ మైకు, 8 ఓమ్‌ల స్పీకరు తగిలిస్తే చెవి ఆనించినా వినపడ్తలేదు. ట్రాన్సిస్టర్ పోయిందా? ఇంకోటి, పుస్తకంలో వోల్టేజ్, కరెంట్, ట్రాన్స్‌కండక్టెన్స్, ట్రాన్స్‌రెసిస్టెన్స్ అని నాలుగు మోడల్స్ ఇచ్చిండ్రు. సర్క్యూట్ ఒకటే అయినప్పుడు నాలుగు ఎందుకు?"

ట్రాన్సిస్టర్ బాగానే ఉంది తమ్ముడూ. గెయిన్ అంటే సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క, ల్యాబ్‌లో చూసిన 150 కూడా అబద్ధం కాదు. కాకపోతే అది ఔట్‌పుట్‌కు ఏమీ తగిలించనప్పటి లెక్క. యాంప్లిఫయర్ అంటే గెయిన్ ఒక్కటే కాదు, మూడు అంకెలు: ఇన్‌పుట్ రెసిస్టెన్స్, ఔట్‌పుట్ రెసిస్టెన్స్, లోడ్ (ఔట్‌పుట్‌కు తగిలించేది) లేనప్పటి గెయిన్. ముందు ఏం తగిలించావు, వెనక ఏం తగిలించావు అన్నదాన్ని బట్టి ఆ 150లో నీ చేతికి ఎంత దక్కుతుందో తేలుతుంది. నాలుగు మోడల్స్ అంటే నాలుగు యాంప్లిఫయర్లు కాదు. ఒకే డబ్బాను నాలుగు రకాలుగా రాసుకోవడం.

నేను నల్గొండలో మైకుసెట్ల రిపేరు చేస్తాను. దుకాణం పెట్టకముందు దామరచర్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొన్నేళ్లు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసిన. కాబట్టి చెప్పే ఉదాహరణలన్నీ ఈ రెండు పనుల్లోంచే వస్తాయి.

ముందు నీ సర్క్యూట్ సంగతి. ఔట్‌పుట్ రెసిస్టెన్స్ అంటే ఏందో ఊర్లో బోరు మోటరున్న ప్రతి రైతుకూ తెలుసు, పేరే తెల్వదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న స్టార్టర్ దగ్గర మోటర్లన్నీ బంద్ ఉన్నప్పుడు వోల్టేజ్ చూడు, నిండుగా ఉంటది. నాలుగు మోటర్లు ఆన్ కాగానే ముల్లు కిందికి జారుతది. ట్రాన్స్‌ఫార్మర్ మారలేదు, మధ్యలో ఉన్న తీగ తన వంతు తినేసింది. నీ సర్క్యూట్‌లో ఆ తీగ పని చేసేది కలెక్టర్ రెసిస్టర్. 4.7 కిలోఓమ్‌లు పెట్టిన అన్నావు, కాబట్టి ఔట్‌పుట్ రెసిస్టెన్స్ దాదాపు అంతే.

ఇప్పుడు లెక్క వేద్దాం. కండెన్సర్ మైకుకు 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో సప్లై ఇస్తావు, అంటే మైకు వైపు సోర్స్ రెసిస్టెన్స్ (సిగ్నల్ ఇచ్చేవాని సొంత రెసిస్టెన్స్) 2.2 కిలోఓమ్‌లు. నీ యాంప్లిఫయర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్, బయాస్ రెసిస్టర్లతో కలిపి, సుమారు 3 కిలోఓమ్‌లు. మైకు దగ్గర పుట్టిన 10 మిల్లీవోల్టుల్లో బేస్ (ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ కాలు) దాకా చేరేది 3 భాగం 5.2, అంటే 5.8 మిల్లీవోల్టులు. దాన్ని 150తో గుణిస్తే 0.87 వోల్టు. ఇంతవరకు బాధ లేదు. ఇప్పుడు 4,700 ఓమ్‌ల వెనక 8 ఓమ్‌ల స్పీకరు. 0.87ను 8తో గుణించి 4,708తో భాగించు: 1.5 మిల్లీవోల్టులు. మైకు ఇచ్చింది 10, స్పీకరుకు అందింది ఒకటిన్నర. పెంచాల్సిన డబ్బా ఉన్నదాన్ని కూడా తగ్గించినట్టయింది. ల్యాబ్‌లో ఈ రెండు కోతలూ కనపడలేదు, ఎందుకంటే ఫంక్షన్ జనరేటర్ సోర్స్ రెసిస్టెన్స్ మామూలుగా 50 ఓమ్‌లు, సీఆర్వో ఇన్‌పుట్ 1 మెగాఓమ్. ఇటు ఇచ్చేవాడు ధర్మాత్ముడు, అటు తీసుకునేవాడు చెయ్యే చాపడు.

ఇంకో మాట, ఇది మోడల్‌లో కనిపించనిది. మంచిగ వినపడాలని 1.5 వోల్టుల (మిల్లీవోల్టులు కాదు) పీక్‌ను 8 ఓమ్‌లలోకి నెట్టాలంటే దాదాపు 190 మిల్లీయాంపులు కావాలి. నీ ట్రాన్సిస్టర్‌లో నిలకడగా పారుతున్నది 1 మిల్లీయాంపు. బీసీ547 తట్టుకునేదే 100 మిల్లీయాంపులు. కాబట్టి కలెక్టర్ రెసిస్టర్ తగ్గించి, ఇంకో బీసీ547 పక్కన పెట్టి తిప్పలు పడకు. ఈ స్టేజ్‌ను ముందు ఉంచుకో, దాని వెనక ఎల్ఎం386 అనే చిన్న స్పీకర్ యాంప్లిఫయర్ ఐసీ పెట్టు. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 50 కిలోఓమ్‌లు కాబట్టి నీ 4.7 కిలోఓమ్‌ల మీద పెద్దగా బరువు పడదు. గెయిన్ మొదలే 20, ఒకటో పిన్ను ఎనిమిదో పిన్ను మధ్య 10 మైక్రోఫారడ్ పెడితే 200. నీకు 20 చాలు, అదీ మధ్యలో వాల్యూమ్ పాట్ (తిప్పితే రెసిస్టెన్స్ మారేది) పెట్టుకొనే. 200 పెడితే కుయ్యిమని విజిల్ వేస్తది.

స్పీకరుకు పోయే కెపాసిటర్ మాత్రం 220 మైక్రోఫారడ్‌కు తగ్గకుండా చూడు. పిల్లలు చేతికి దొరికిందని 10 మైక్రోఫారడ్ పెడతారు. 8 ఓమ్‌లతో అది 2 కిలోహెర్ట్‌జ్ కింద ఉన్నదంతా కోసేస్తది, మగగొంతు కూడా కీచుగొంతు అవుతది. 220 పెడితే ఆ కోత 90 హెర్ట్‌జ్ దగ్గరికి దిగుతది.

ఇక నాలుగు మోడల్స్. లోపలికి వచ్చేది వోల్టేజా కరెంటా, బయటికి పోయేది వోల్టేజా కరెంటా? రెండు రెళ్లు నాలుగు. పుస్తకం ఇంతే చెప్పి వదిలేస్తది. ఏది ఎప్పుడు కావాలో పనిలోనే తెలిసింది నాకు.

వోల్టేజ్ యాంప్లిఫయర్: వోల్టేజ్ లోపలికి, వోల్టేజ్ బయటికి. ఇన్‌పుట్ రెసిస్టెన్స్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది, ఔట్‌పుట్‌ది ఎంత తక్కువుంటే అంత మంచిది. "ఎక్కువ" అంటే ఎంత అనేది సోర్స్‌ను బట్టి. దీనికి ఒక కథ చెప్తా. మా జిల్లాలో నీళ్ల గోస తెలుసు కదా, ఫ్లోరైడ్ పుణ్యమా అని నీళ్ల పరీక్షల మీద ప్రాజెక్టులు చేసే పిల్లలు ఎక్కువ. ఒక బ్యాచ్ పీహెచ్ మీటర్ కట్టి తెచ్చిండ్రు. గాజు ఎలక్ట్రోడ్ నుంచి ఒక్కో పీహెచ్‌కు 59 మిల్లీవోల్టులు రావాలి, 25 డిగ్రీల దగ్గర. వీళ్లకు నిమ్మరసంలో పెట్టినా, సబ్బు నీళ్లల్లో పెట్టినా ఔట్‌పుట్ ఒక చివరకు పోయి కూర్చుంటున్నది. ఎలక్ట్రోడ్ పోయిందని కొత్తది కొన్నారు, ఖరీదు ఎక్కువే. అదీ అంతే. బోర్డు తిప్పి చూస్తే 741 అనే పాత ఆప్‌యాంప్ (యాంప్లిఫయర్ ఐసీ) ఉంది. పీహెచ్ గాజు ఎలక్ట్రోడ్ సోర్స్ రెసిస్టెన్స్ 100 మెగాఓమ్‌లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 741 ఇన్‌పుట్ పిన్ను తన బతుకు కోసం తాగే బయాస్ కరెంటు 80 నానోయాంపులు. ఈ రెండూ గుణిస్తే ఎంత? 8 వోల్టులు! 59 మిల్లీవోల్టులు కొలవబోతే 8 వోల్టుల తప్పు. సీఏ3140 అని ఫెట్ ఇన్‌పుట్ ఐసీ ఉంటది, పిన్నులు అవే, ఇన్‌పుట్ రెసిస్టెన్స్ లక్షన్నర కోట్ల ఓమ్‌లు. సాకెట్‌లోంచి ఇది తీసి అది పెట్టినం, అయిపోయింది. కోఠి గుజరాతీ గల్లీకి పోయొచ్చిన బస్సు చార్జీ ఐసీ ధర కన్నా ఎక్కువైంది.

ట్రాన్స్‌కండక్టెన్స్ యాంప్లిఫయర్: వోల్టేజ్ లోపలికి, కరెంటు బయటికి. రెండు వైపులా రెసిస్టెన్స్ ఎక్కువుండాలి. దీన్ని చాలామంది పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోతారు గానీ ఫ్యాక్టరీలన్నీ దీని మీదే నడుస్తాయి. సిమెంటు కిల్న్ (కాల్చే కొలిమి) దగ్గర ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఇచ్చేది మిల్లీవోల్టుల్లో. కంట్రోల్ రూమ్ అర కిలోమీటరు అవతల. ఆ మిల్లీవోల్టులను అట్లనే తీగ మీద పంపితే మోటర్ల రొద అంతా అందులో కలుస్తది. అందుకే అక్కడే ట్రాన్స్‌మిటర్ పెట్టి 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటుగా మార్చి పంపుతారు. కరెంటు కాబట్టి తీగ పొడుగైనా, కనెక్టర్ కాస్త తుప్పు పట్టినా, పారేది అదే పారుతది. ఆ చివర 250 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1 నుంచి 5 వోల్టులు దొరుకుతాయి. సున్నా బదులు 4 నుంచి ఎందుకు మొదలు? తీగ తెగితే సున్నా వస్తది, అది "చల్లగా ఉంది" అని పొరపడకుండా.

దీనికీ హద్దు ఉంది. 24 వోల్టుల సప్లైలో ట్రాన్స్‌మిటర్‌కే 12 అవసరమైతే మిగిలిన 12తో 20 మిల్లీయాంపులను 600 ఓమ్‌ల దాకే తొయ్యగలదు. ఒకసారి ఒకే లూప్‌లో ఇండికేటరు, రికార్డరు, ఇంకో కార్డు అన్నీ వరుసగా కలిపేసిన. 15 మిల్లీయాంపుల దాకా అంతా బాగుంది, ఆపైన రీడింగ్ పెరగనంటది. సగం రోజు ట్రాన్స్‌మిటర్‌నే తిట్టిన. తప్పు నాదే, లూప్ 800 ఓమ్‌లకు చేరింది.

ట్రాన్స్‌రెసిస్టెన్స్ యాంప్లిఫయర్: కరెంటు లోపలికి, వోల్టేజ్ బయటికి. రెండు వైపులా తక్కువ. టీవీ రిమోట్ కాంతిని పట్టుకునే ఫొటోడయోడ్ వెనక ఉండేది ఇదే. ఆప్‌యాంప్‌కు 1 మెగాఓమ్ ఫీడ్‌బ్యాక్ పెడితే 1 మైక్రోయాంపు 1 వోల్టు అవుతది. అంతకు మించి దీని గురించి నీకు ఇప్పుడు అవసరం లేదు.

కరెంట్ యాంప్లిఫయర్: ఇంటి మీద ట్యాంకు నిండితే మోగే అలారం. నీళ్లలోంచి పారేది 0.1 మిల్లీయాంపు, 12 వోల్టుల చిన్న రిలేకు కావాల్సింది 30. ఒక్క బీసీ547 బీటా (కరెంటును పెంచే రెట్లు) 200 అనుకున్నా 20 దగ్గరే ఆగుతది, రిలే గుర్‌మని వణుకుతది గానీ పట్టదు. టీఐపీ122 డార్లింగ్‌టన్ (ఒకే డబ్బాలో రెండు ట్రాన్సిస్టర్ల జత) పెడితే బీటా కనీసం వెయ్యి. టక్కుమని పడుతది.

ఇప్పుడు నీ అసలు అనుమానం. నీ సర్క్యూట్‌నే తీసుకో. వోల్టేజ్ మోడల్‌లో గెయిన్ 150, వెనక వరుసలో 4.7 కిలోఓమ్‌లు. అదే ట్రాన్స్‌కండక్టెన్స్‌గా రాస్తే 150ని 4,700తో భాగించాలి: వోల్టుకు 32 మిల్లీయాంపులు, పక్కన సమాంతరంగా అదే 4.7 కిలోఓమ్‌లు. కరెంట్ గెయిన్ కావాలంటే ఆ 32 మిల్లీయాంపులను 3 కిలోఓమ్‌లతో గుణించు, 96. ట్రాన్స్‌రెసిస్టెన్స్ అంటే 150ని 3 కిలోఓమ్‌లతో గుణించు, 450 కిలోఓమ్‌లు. నాలుగిట్లో దేనితో లెక్క వేసినా స్పీకరు మీద అదే 1.5 మిల్లీవోల్టులు వస్తది. నమ్మకపోతే ట్రాన్స్‌కండక్టెన్స్‌తో వేసి చూడు: 5.8 మిల్లీవోల్టులు లోపలికి పోతే 0.185 మిల్లీయాంపు బయటికి, దాదాపు మొత్తం 8 ఓమ్‌లలోకే, అంటే 1.5 మిల్లీవోల్టులు. థెవెనిన్ (వోల్టేజ్‌కు వరుసలో రెసిస్టెన్స్), నార్టన్ (కరెంటుకు సమాంతరంగా రెసిస్టెన్స్) చదివినవు కదా, ఇది ఆ రెండే. ఏ మోడల్ వాడాలో సోర్స్, లోడ్ చెప్తాయి. 8 ఓమ్‌ల ముందు 4.7 కిలోఓమ్‌లు ఉన్న పెట్టెను వోల్టేజ్ యాంప్లిఫయర్ అనడమే తప్పు, అది కరెంటు ఇచ్చే పెట్టె. అదే పెట్టె సీఆర్వో ముందు మాత్రం మంచి వోల్టేజ్ యాంప్లిఫయర్.

ఇక్కడ చాలామంది తప్పు దారి పట్టే చోటు ఒకటుంది. మ్యాగ్జిమమ్ పవర్ ట్రాన్స్‌ఫర్ థియరమ్ (సోర్స్, లోడ్ రెసిస్టెన్స్‌లు సమానమైతే లోడ్‌కు ఎక్కువ పవర్ అందుతుందనేది) చదివి, యాంప్లిఫయర్ వెనక "8 ఓమ్‌లు" అని రాసి ఉంటే దాని ఔట్‌పుట్ రెసిస్టెన్స్ 8 అనుకుంటారు. కాదు. అది తనకు తగిలించాల్సిన లోడ్. మంచి పవర్ యాంప్లిఫయర్ సొంత ఔట్‌పుట్ రెసిస్టెన్స్ 0.1 ఓమ్ లోపే ఉంటది. నిజంగా 8 ఉంటే తయారైన పవర్‌లో సగం డబ్బాలోనే వేడయ్యి పోయేది.

తీగ కూడా ఔట్‌పుట్ రెసిస్టెన్స్‌లో భాగమే అని నాకు తెలిసొచ్చింది చెరువుగట్టు జాతరలో. అప్పటికి ఈ పనిలో కొత్త. గుట్ట కింద స్టాలు దగ్గర యాంప్లిఫయరు, 300 మీటర్ల అవతల 8 ఓమ్‌ల బాక్సు. 1 చదరపు మిల్లీమీటరు వైరు లాగినం. యాంప్లిఫయర్ దగ్గర మీటరు ఊగుతున్నది, అక్కడ మాత్రం సప్పుడు లేదు. రాగి వైరు ఆ మందానికి కిలోమీటరుకు సుమారు 17.5 ఓమ్‌లు, పోను రాను 600 మీటర్లకు పదిన్నర. 8 ఓమ్‌ల బాక్సుకు చేరే వోల్టేజ్ 43 శాతం. పవర్ వోల్టేజ్‌కు వర్గం కదా, తీగ లేకుండా తగిలిస్తే వచ్చే దాంట్లో అయిదో వంతు కూడా లేదు. పాత మెకానిక్ ఒకాయన వచ్చి చూసి, ఏమనకుండా వైర్లను 100 వోల్ట్ టెర్మినల్‌కు మార్చి, బాక్సు దగ్గర 30 వాట్ల లైన్ ట్రాన్స్‌ఫార్మర్ బిగించిండు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ లైనుకు 333 ఓమ్‌లుగా కనపడతది. పదిన్నర ఓమ్‌ల తీగ దాని ముందు ఎంత? 97 శాతం చేరింది. ఈ లైన్ లెక్క తెల్వకుండానే ఆయన జీవితమంతా సరిగ్గా చేసిండు, నేను లెక్క తెలిసీ తప్పు చేసిన.

ఇక మిగతా లక్షణాలు, వైవాలో అడిగేవి.

గెయిన్‌ను డెసిబెల్స్‌లో అడుగుతారు. వోల్టేజ్‌కు లాగ్ తీసి 20తో గుణించు, పవర్‌కు 10తో. నీ 150 అంటే 43.5 డెసిబెల్స్. బ్యాండ్‌విడ్త్ అంటే గెయిన్ 0.707 వంతుకు పడే రెండు చివర్ల మధ్య దూరం. 741లో గెయిన్, బ్యాండ్‌విడ్త్ గుణిస్తే దాదాపు 1 మెగాహెర్ట్‌జ్, గెయిన్ 100 తీసుకుంటే 10 కిలోహెర్ట్‌జ్‌కే దుకాణం బంద్. 10 తీసుకుంటే 100 కిలోహెర్ట్‌జ్ దాకా పోతది. అయితే ఇది చిన్న సిగ్నల్ మాట. 10 వోల్టుల పీక్ కావాలంటే స్ల్యూ రేటు అడ్డొస్తది: మైక్రోసెకనుకు అర వోల్టు మాత్రమే ఎక్కగలదు కాబట్టి 8 కిలోహెర్ట్‌జ్ దాటితే సైన్ వేవ్ త్రిభుజం అయి కూర్చుంటది.

డిస్టార్షన్ నీ బోర్డు మీదే చూడొచ్చు. జనరేటర్ నుంచి బేస్ దగ్గర 10 మిల్లీవోల్టుల పీక్ ఇచ్చి కలెక్టర్ వేవ్‌ను జాగ్రత్తగా చూడు. కింది కొన సూదిగా, పై కొన మొద్దుగా ఉంటది. ట్రాన్సిస్టర్‌కు 26 మిల్లీవోల్టులు అన్నదే పెద్ద కొలత, దాని ముందు 10 చిన్నదేం కాదు. ఎమిటర్ రెసిస్టర్‌లో 220 ఓమ్‌లను బైపాస్ కెపాసిటర్ లేకుండా వదిలెయ్. గెయిన్ 19 దగ్గరికి పడుతది, కానీ వేవ్ శుభ్రమైతది, ట్రాన్సిస్టర్ మార్చినా గెయిన్ మారదు, ఇన్‌పుట్ రెసిస్టెన్స్ కూడా పెరుగుతది. ఇదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. హెరాల్డ్ బ్లాక్ అనే బెల్ ల్యాబ్స్ ఇంజనీరుకు 1927 ఆగస్టు 2న పనికి పోతూ పడవలో ఈ ఆలోచన తట్టి, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే సర్క్యూట్ గీసుకున్నాడు. గెయిన్ కావాలని చచ్చేటోళ్ల మధ్య, ఉన్న గెయిన్‌ను కావాలని పారబోయడం అప్పట్లో పిచ్చి లాగే కనిపించింది.

వాట్ల గురించి ఒక్క మాట, ఎందుకంటే డీజే బాక్సులు కొనే పిల్లలు రోజూ మోసపోతున్నరు. సప్లై కన్నా ఎక్కువ వోల్టేజ్ ఔట్‌పుట్‌లో పుట్టదు. 12 వోల్టుల బ్యాటరీ, లోపల బూస్ట్ సర్క్యూట్ లేదు, 8 ఓమ్‌ల స్పీకరు: పీక్ 6 వోల్టులు, వర్గం 36, భాగించు 16తో, 2.25 వాట్లు. బ్రిడ్జ్ చేసి (స్పీకరు రెండు చివర్లనూ రెండు యాంప్లిఫయర్లతో ఎదురెదురుగా నడిపి) 4 ఓమ్‌లు పెడితే 18. అంతకు మించి డబ్బా మీద ఎన్ని వేలు రాసి ఉన్నా అది అచ్చు వేసినోని ఇష్టం.

చివరగా, నీ బోర్డు రెసిస్టెన్స్‌లు పుస్తకం చెప్పినవి కాకుండా నీవే కొలుచుకో. ఔట్‌పుట్‌కు ఏమీ తగిలించకుండా 1 కిలోహెర్ట్‌జ్ దగ్గర సీఆర్వోలో ఎత్తు చూడు. తర్వాత 10 కిలోఓమ్‌ల పాట్‌ను కప్లింగ్ కెపాసిటర్ తర్వాత, ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు పెట్టి, ఎత్తు సరిగ్గా సగం అయ్యేదాకా తిప్పు. పాట్ ఊడదీసి మల్టీమీటర్‌తో కొలువు, అదే ఔట్‌పుట్ రెసిస్టెన్స్. ఇన్‌పుట్‌కు అదే పాట్‌ను జనరేటర్‌కు, కెపాసిటర్‌కు మధ్య వరుసలో పెట్టి మళ్లీ ఔట్‌పుట్ సగం చెయ్. ఈ సగం చేసే పద్ధతి పవర్ యాంప్లిఫయర్ల మీద అస్సలు చెయ్యొద్దు, సగం కాకముందే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పొగ అయితయ్. సిగ్నల్ 2, 3 మిల్లీవోల్టులకు మించకుండా పెట్టు, లేకపోతే వంకర వేవ్‌ను కొలుస్తావు.

రెండు అంకెలు వచ్చినంక కింద రాయి, దాంతోపాటు ఎమిటర్ వోల్టేజ్ కూడా. ఔట్‌పుట్‌ది 4.7కు దగ్గరగా రాకపోతే నీ బయాస్‌లో ఏదో తేడా ఉన్నట్టు, అప్పుడు చూద్దాం.